అత్తయ్య రిమోట్ మీద పడిన నింద

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం మా నాస్ చూసి, అంటే ఇంటి పాటలూ ఫోటోలూ దాచి టీవీకి అందించే రెండు డిస్కుల డబ్బా చూసి, ఆ షాపు అబ్బాయి అన్న మాట దగ్గరే బుర్ర ఆగిపోయింది. "బోర్డు పోయింది మేడమ్, కొత్తది తీసేసుకోండి." మూత విప్పలేదు. ప్లగ్గులో పెట్టాడు, లైట్లు వెలిగి ఆరాయి, తీర్పు చెప్పేశాడు. దానికి చెకింగ్ చార్జీ ఒకటి.

ఈమధ్య మా నాస్ సాయంత్రం అయ్యేసరికి చచ్చి బతుకుతోంది. పగలంతా గుండ్రాయిలా ఉంటుంది. అత్తయ్య దీపం పెట్టి వచ్చి, మామయ్యగారు పాడిన భజనలు విందామని రిమోట్ నొక్కగానే పక్కగదిలో టక్కుమంటుంది. లైట్లన్నీ ఆరి, మళ్ళీ మొదటినుంచి బూట్ అవుతుంది. ఒక్కోసారి లేచాక రెండో డిస్కు దగ్గర నారింజ లైటు, ఆగకుండా బీప్. దాంతో ఇంట్లో అందరూ తేల్చేశారు, అత్తయ్యే ఏదో నొక్కేస్తోందని. చిన్నదైతే "నువ్వు ముట్టుకోకు నానమ్మా, నేను పెడతాగా" అంది. ఆవిడ ఏమీ అనలేదు, టీవీ జోలికి రావడం మానేసింది. నాకు ఒళ్ళు మండింది. రిమోట్ నొక్కితే పక్కగదిలో డబ్బా చస్తుందా ఎక్కడైనా?

చస్తుందట!

డిస్కుల స్మార్ట్ రిపోర్టు తెరిచాను, డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్క. 5వ నంబరు, అంటే పాడైన సెక్టార్లకు (డేటా రాసుకునే చిన్న గడులకు) బదులు వేరేవి వాడుకున్న లెక్క, సున్నా. 197, చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్లు, అదీ సున్నా. డిస్కు పోయేముందు తరచుగా ఇవి కదులుతాయి. పెరిగింది 192. కరెంటు ఉన్నట్టుండి ఆగితే డిస్కు డేటా చదివే తన హెడ్డును గబుక్కున పక్కకు లాక్కుంటుంది, ఆ లెక్క అది. రెండు డిస్కుల్లోనూ పెరిగింది. ఇంట్లో చూస్తే కరెంటు పోలేదు, యూపీఎస్ కూడా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది నాన్న స్టెబిలైజర్. తెనాలిలో బ్లాక్ అండ్ వైట్ టీవీ పక్కన ఉండేది, ముందువైపు ముల్లు, తిప్పడానికి ఒక నాబ్. శుక్రవారం పాటలొచ్చే వేళకి వీధిలో సగం మంది మా చాపల మీదే ఉండేవాళ్ళు. సరిగ్గా అప్పుడే బొమ్మ రెండు పక్కలా కుంచించుకుపోయేది. నాన్న లేచి టక్ టక్‌మని నాబ్ తిప్పేవాడు. ఆయన ఒక్క పాటా చూసింది లేదు, ముల్లు చూసేవాడు. "మీ టీవీ పోయిందండీ, మార్చేయండి" అని పక్కింటివాళ్ళు సలహా ఇస్తే, "టీవీకేం కాలేదు, ఈ టైముకి అందరూ మోటార్లు వేస్తారు" అనేవాడు. మోటారు మొదలయ్యేటప్పుడే ఎక్కువ లాగుతుంది, పరుగందుకున్నాక కాదు. నీళ్ళ పంపుకీ అదే, డిస్కుకీ అదే. పెద్ద డిస్కు ఒక్కోటీ లేచే క్షణంలో 12 వోల్టుల దగ్గర దాదాపు 2 ఆంపియర్లు తాగుతుంది. పగలు వాడక నిద్రపోయిన రెండు డిస్కులూ అత్తయ్య నొక్కు నొక్కగానే కలిసి లేస్తున్నాయి. డబ్బా వెనక వేడిలో ఏళ్ళ తరబడి మగ్గిన దాని అడాప్టర్‌లో, కరెంటును కాస్త నిలవ ఉంచే కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, ఆ లాగుడుకు నిలబడలేకపోతోంది. మల్టీమీటర్ పెడితే మాత్రం బుద్ధిమంతురాలిలా 12 చూపిస్తుంది. లోడ్ లేనప్పుడు ఎవరైనా చూపిస్తారు.

మా ఆయన రౌటర్ అడాప్టర్ పట్టుకొచ్చారు, "పిన్ను సరిపోతోందిగా" అంటూ. పిన్ను సరిపోతుంది, అది 1.5 ఆంపియర్లది, దీనికి 5 కావాలి. దాని మీద కాసేపు వాదన. చివరికి సీసీ కెమెరాలు అమ్మే కొట్లో 12 వోల్టులు, 5 ఆంపియర్లు, పిన్ను మధ్యలో ప్లస్ ఉన్నది దొరికింది. పెట్టాను, లేచింది. అత్తయ్య భజన వింది.

ఇంతకీ ఆ అబ్బాయిని అంతలా తిట్టుకోవాలా? అడాప్టర్ అమ్మితే వాడికి మిగిలేది ఎంత. బోర్డు పోయే డబ్బాలూ ఉన్నాయి మరి. కొన్ని నాస్‌లలో వాడిన ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్పుల్లో, చిప్పు పనికి లయ ఇచ్చే క్లాక్ సిగ్నల్ చచ్చిపోయే లోపం ఉందని 2017లో బయటపడింది. అలాంటివి చూసి చూసి వాడికి అదే నోట్లో ఉందేమో. కానీ వాటికి ఆ రోగం వస్తే అసలు బూటే అవవు. మాది బూటై, పనిచేసి, సాయంత్రానికి పడుతోందని నేను చెప్తూనే ఉన్నాను. వేరే అడాప్టర్ తగిలించి చూడ్డానికి నిమిషం పట్టదు. లేదు, రాస్తుంటే మళ్ళీ కోపం వస్తోంది. ఆ చెకింగ్ చార్జీ వెనక్కి అడుగుతాను.

డిస్కులు ఇప్పుడు ఒకదాన్నొకటి సరిచూసుకుంటున్నాయి, 4 టీబీ కదా, తెల్లారాలి. రెండూ ఒకటే కాపీ కాబట్టి పొరపాటున ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ పోతుంది, అందుకే రేపు బయటి డిస్కులోకి ఇంకో కాపీ. ఆయన క్లౌడ్ అంటున్నారు. ఫోటోల వరకు సరేనన్నాను. మామయ్యగారి గొంతు సంగతి అత్తయ్యని అడిగి చెప్తానన్నాను. ఆవిడ ముందు చిన్నదాని చేత సారీ చెప్పించాలి.