తజ్వీద్ నియమాలను పద్యంలో నేర్పడం

ఖుర్‌ఆన్‌ను సరైన ఉచ్చారణతో చదవడానికి ఉన్న తజ్వీద్ నియమాలను అరబీ పద్యాల ద్వారా కంఠస్థం చేయించడం అనవసర శ్రమ అనీ, అరబీ రాని పిల్లలకు ఖుర్‌ఆన్ వల్లె వేయడమే పెద్ద పని కాగా దానిపై ఇంకో బరువు మోపడం తగదనీ గుంటూరులో ఖుర్‌ఆన్ బోధించే కొందరు అంటుంటారు. ఆనందపేటలో మగ్రిబ్ (సూర్యాస్తమయ) నమాజు తరువాత మా ఇంటికి వచ్చే పిల్లలకు నేను ఈ పద్యాలనే నేర్పుతున్నాను. పై అభ్యంతరంలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను, కానీ పద్యాన్ని పక్కన పెట్టి నియమాలను ఉర్దూ వచనంలో బట్టీ పట్టించడం అంతకంటే మేలైన మార్గమని మాత్రం ఒప్పుకోలేను.

తజ్వీద్‌ను పద్యంలో చెప్పే పద్ధతి చాలా పాతది. హిజ్రీ 325లో మరణించిన బాగ్దాద్ పండితుడు అబూ ముజాహిమ్ అల్ ఖాఖానీ రాసిన ఖసీదా (పద్యరచన) ఈ శాస్త్రంలో మనకు దొరికే తొలి రచనల్లో ఒకటి. నేడు ప్రపంచమంతటా పిల్లలు వల్లించేవి ముఖ్యంగా రెండు. మొదటిది ఈజిప్టుకు చెందిన సులైమాన్ అల్ జమ్జూరీ హిజ్రీ 1198లో, అంటే 1784 ప్రాంతంలో పూర్తి చేసిన తుహ్ఫతుల్ అత్ఫాల్. రెండవది అంతకు మూడున్నర శతాబ్దాలకు పూర్వపువాడైన ఇబ్నుల్ జజరీ రచించిన ముఖద్దిమా. ఆయన 1350లో డమాస్కస్‌లో పుట్టి, 1402లో తైమూరు సైన్యం చేతికి చిక్కి సమర్కండ్ దాకా వెళ్లి, చివరకు 1429లో షీరాజ్‌లో కన్నుమూశాడు. రెండు రచనలూ రజజ్ ఛందస్సులోనే సాగుతాయి. ఒక్కొక్క బైతులో రెండు పాదాలు ఉంటాయి, ఆ రెండింటికీ తమలో తమకే అంత్యప్రాస కుదురుతుంది, తరువాతి బైతుకు ప్రాస మారిపోతుంది. అందువల్ల పిల్లవాడు నడుమ ఒక బైతు మరచినా మిగిలినవి చెదరవు, అవసరమైన బైతును ఒక్కదాన్నే బయటకు తీసి వాడుకోవచ్చు. బోధనకు నిజంగా పనికివచ్చే గుణం ఇదే.

తుహ్ఫాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన బైతు ఇఖ్ఫా అక్షరాలను చెప్పేది. నూన్ సాకిన్ (అచ్చు చేరని నకారం) గానీ తన్వీన్ (మాట చివర పలికే నకారం) గానీ పదిహేను అక్షరాలకు ముందు వచ్చినప్పుడు దాన్ని పూర్తిగా పలకకుండా, పూర్తిగా కలపకుండా, ముక్కులో గున్నా అనే నాదంతో నిలపాలని నియమం. ఆ పదిహేను అక్షరాలను జమ్జూరీ ఇలా కూర్చాడు: "సిఫ్ జా సనా కమ్ జాద షఖ్సున్ ఖద్ సమా, దుమ్ తయ్యిబన్ జిద్ ఫీ తుఖన్ దఅ్ జాలిమా." ఒక్కొక్క మాటలోని మొదటి అక్షరం ఒక్కొక్క ఇఖ్ఫా అక్షరం. మాటలన్నీ కలిసి, స్తుతికి తగినవాణ్ణి వర్ణించు, దైవభీతిని పెంచుకో, దుర్మార్గుణ్ణి విడిచిపెట్టు అనే హితబోధగా కూడా నిలుస్తాయి. గసడదవలనూ నజభజజజరలనూ బడిలో వల్లించినవారికి ఇటువంటి కూర్పు కొత్తది కాదు, అయితే మన నజభజజజరకు సొంత అర్థం లేదు, ఈ బైతుకు ఉంది.

ఇప్పుడు పై బైతును నేను తెలుగు లిపిలో రాసిన తీరును మరొకసారి చూడండి. అరబీలో పదిహేను వేర్వేరు అక్షరాలు ఉన్నచోట తెలుగులో ఎనిమిదే మిగిలాయి: సాద్, సా, సీన్ మూడూ "స" అయ్యాయి, జాల్, జీమ్, జా, జో నాలుగూ "జ" అయ్యాయి, రెండు తకారాలు ఒకటిగా, దాల్, దాద్ ఒకటిగా కలిసిపోయాయి. తెలుగు లిపిలో ముద్రించిన సూరాల (ఖుర్‌ఆన్ అధ్యాయాల) పుస్తకాలు మన ఇళ్లలో ఎందరికో మేలు చేశాయని తెలిసి కూడా, పిల్లలకు వాటిని నేను ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ఈ బైతును నోటి నుంచి నోటికే నేర్చుకోవాలి. అలా నేర్చుకున్న పిల్లకు నియమంతో పాటు పదిహేను అక్షరాల ఉచ్చారణ కూడా ఒకే చోట సాధనకు దొరుకుతుంది.

సాధారణంగా తుహ్ఫా ముందు, జజరీ ముఖద్దిమా తరువాత అనేది బోధనాక్రమం. నేను మాత్రం జజరీలోని మఖ్రజ్‌ల (అక్షరాలు పుట్టే స్థానాల) భాగాన్ని ముందుకు తెచ్చాను. తుహ్ఫాలో ఐన్ అక్షరం గొంతులో ఎక్కడ పుడుతుందో చెప్పరు. జజరీ "మఖారిజుల్ హురూఫి సబ్అత అషర్" అంటూ పదిహేడు ఉచ్చారణ స్థానాలతోనే అసలు విషయంలోకి దిగుతాడు. ఈ పదిహేడు అనే లెక్క, అరబీ ఛందశ్శాస్త్రాన్ని నిర్మించిన ఖలీల్ బిన్ అహ్మద్‌దే. దాద్ అక్షరం నాలుక అంచు ఎడమనో కుడినో దవడ పళ్లను తాకగా పుడుతుందని జజరీ చెప్పిన బైతు నోటికి వచ్చిన పిల్లలు, సూరా ఫాతిహా చివరి మాటను "జ"తో పలకాలా "ద"తో పలకాలా అని మన పెద్దలు చేసే వాదంలోకి దిగరు, నాలుకను పక్కకు తిప్పి చూసుకుంటారు.

ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబాల పిల్లలు నా దగ్గర కొందరు ఉన్నారు. ఉర్దూలో చెప్పే వివరణ వారికి అరబీ అంత దూరమే కాబట్టి పద్యాన్ని అరబీలో ఉంచి వివరణను తెలుగులో చెబుతాను. తెలుగు నాలుకకు కొన్ని నియమాలు చెప్పకముందే వస్తాయి. నూన్ సాకిన్ తరువాత "బ" వస్తే దాన్ని మీమ్‌గా మార్చాలన్న ఇఖ్లాబ్ నియమాన్ని, "అంబ", "సంబరం" అనే మాటలను రోజూ పలికే పిల్ల తెలియకుండానే పాటిస్తుంది. "మిన్ బఅది" అని రాసి ఉన్నది ఆమె నోట "మిమ్ బఅది" అవుతుంది. మనకు హ్రస్వదీర్ఘాల తేడా స్పష్టం కనుక మద్ (అచ్చును సాగదీయడం) విషయంలో కూడా పెద్దగా తడబాటు ఉండదు.

తడబాటు ఉన్నది వేరే చోట. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక, హల్లు మీద ఆగవలసిన చోట మన నాలుక తోకగా ఒక ఉకారాన్ని చేరుస్తుంది, మస్జిద్ మసీదు అయినట్టే సూరా ఇఖ్లాస్‌లోని "అహద్" కాస్తా "అహదు" అవుతుంది. ఇక్కడ దాల్ మీద రావలసింది ఖల్ఖలా, అంటే చిన్న అదురు మాత్రమే. "వ బయ్యినన్ ముఖల్ఖలన్ ఇన్ సకనా, వ ఇన్ యకున్ ఫిల్ వఖ్ఫి కాన అబ్యనా" అన్న జజరీ బైతు, సుకూన్ (అక్షరానికి అచ్చు లేకపోవడం) ఉన్నప్పుడు ఈ అదురును స్పష్టంగా పలకమని, ఆగినప్పుడు మరింత స్పష్టంగా పలకమని చెబుతుంది. మన పిల్లలకు నేను దీనికి ఒక మాట జోడించక తప్పదు: అదురు వినిపించాలి గానీ అచ్చు వినిపించకూడదు. ఫాతిహాలోని "అన్అమ్త" ఇటువంటిదే. ఐన్‌ను వదిలేస్తే అది "అనమ్త" అయిపోతుంది. హమ్జా, హా, ఐన్, మరో రకం హా, గైన్, ఖా అనే ఆరు కంఠ్యాక్షరాల ముందు నూన్‌ను విడిగా, తేటగా పలకాలనే ఇజ్హార్ బైతు దీనికి మందు.

బోధనలో పద్యం నిజంగా పనిచేసేది తప్పు దొర్లిన క్షణంలోనే. పిల్ల సూరా చదువుతూ "అనమ్త" అన్నప్పుడు నేను సరైన ఉచ్చారణను వెంటనే అందించను, "ఏ బైతు?" అని అడుగుతాను. ఆమె "హమ్జున్ ఫహాఉన్" అని ఎత్తుకుంటుంది, ఐన్ దగ్గర తనే ఆగుతుంది, ఆయత్‌ను (ఖుర్‌ఆన్ వాక్యాన్ని) మళ్లీ చదువుతుంది. వచనంలో నేర్చుకున్న నియమాన్ని పిల్లలు తలా ఒక మాటలో చెబుతారు, అందులో సగం జారిపోతుంది, కానీ బైతు అందరి నోటా ఒకే మాటల్లో ఉంటుంది. పెద్ద పిల్లలు చిన్నపిల్లల పాఠం వినేటప్పుడు నేను పక్కన లేకపోయినా పని సాగడానికి అదే కారణం.

అభ్యంతరంలో నిజం ఉందన్నాను కదా, అది ఇక్కడ ఉంది. పద్యమంతా గడగడా అప్పజెప్పి, ఫాతిహాను తప్పులతో చదివే విద్యార్థులు నిజంగానే ఉన్నారు. ఆ ప్రమాదం జజరీకి తెలియనిది కాదు: "వ లైస బైనహూ వ బైన తర్కిహీ, ఇల్లా రియాదతుమ్రిఇన్ బిఫక్కిహీ," తజ్వీద్ వచ్చినవాడికీ రానివాడికీ మధ్య ఉన్నది దవడతో చేసే సాధన ఒక్కటేనని తన పద్యంలోనే చెప్పి పెట్టాడు. అందుచేత ఒక బైతు వచ్చిన రోజున మరో బైతు ఇవ్వను. ఆ నియమం వచ్చే చోట్లను ఖుర్‌ఆన్ చివరి భాగమైన అమ్మ పారాలో వెతికి, వేలు పెట్టి చూపి, చదివి వినిపించాకే తరువాతిది. ఇంకొక పట్టింపు కూడా ఉంది, కొందరికి అది చాదస్తంగా తోచవచ్చు: ఈ బైతులను ఖుర్‌ఆన్ పఠించే రాగంలో పాడనివ్వను. ఆయత్‌కూ మనిషి రాసిన పద్యానికీ తేడా పిల్లల చెవికి తెలియాలి.

జమ్జూరీ చివర పెట్టిన లెక్కను మాత్రం ఆటగా నేర్పుతాను. మన శాసనాల్లో శకవర్షాన్ని మాటల్లో దాచి చెప్పినట్టే, ఆయన "బుష్రా లిమన్ యుత్ఖినుహా" అన్న మాటల్లో రచనాకాలాన్ని దాచాడు. ఒక్కొక్క అరబీ అక్షరానికి ఒక సంఖ్యను ఇచ్చే అబ్జద్ విలువల ప్రకారం మొదటి మాటకు 512, రెండవదానికి 120, మూడవదానికి 566 వస్తాయి, కూడితే 1198. "నద్దున్ బదా" అన్న మాటలు ఇదే పద్ధతిలో మొత్తం బైతులు 61 అని చెబుతాయి. జజరీలో మఖ్రజ్‌లు, అక్షర గుణాలు అయ్యాక తుహ్ఫా మొత్తం చెప్పి, మళ్లీ జజరీకి వస్తాను. ముస్‌హఫ్‌లో (ఖుర్‌ఆన్ రాతప్రతిలో) ఏ మాటలను కలిపి రాస్తారు, ఏవి విడదీసి రాస్తారు, ఏ తకారాన్ని ఎలా రాస్తారు అని చెప్పే అధ్యాయాలను పిల్లలకు చెప్పను, హిఫ్జ్ (ఖుర్‌ఆన్ మొత్తం కంఠస్థం) పూర్తి చేసి రాత నియమాలు కూడా కావాలని అడిగినవారికే వాటిని అట్టిపెడతాను.