50 గజాల దూరంలో ఒకే రంధ్రం: నా .22 రైఫిల్ ఎంపిక

టెక్సాస్‌కు వచ్చి ఇన్నేళ్లయినా, గ్రీన్‌కార్డు చేతికి వచ్చేవరకు నేను రైఫిల్ కొనలేదు. హెచ్‌1బీ వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ కొనడాన్ని ఇక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా అనుమతించదు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది కానీ, నాకు వేటపై ఆసక్తి లేదు. నేను కోరుకున్నదల్లా 50 గజాల అవతల ఉన్న కాగితంపై గుండు వెంట గుండు ఒకే చోట పడడం.

అందుకు .22 లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటాను పేల్చే బోల్ట్ యాక్షన్ రైఫిలే (ప్రతిసారీ గడియలాంటి బోల్ట్‌ను చేతితో కదిపి తూటా ఎక్కించేది) సరైనదని త్వరలోనే తేలింది. తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో తూటాలు ఇరుక్కోకుండా ఆడాలంటే ఛాంబర్‌ను, అంటే తూటా కూర్చునే గదిని, కాస్త వదులుగా చేయక తప్పదు. బోల్ట్ రైఫిల్‌లో తూటాను మన చేతితోనే లోపలికి నెడతాం కనుక ఛాంబర్‌ను బిగుతుగా చేసుకునే వీలుంటుంది. ఆ బిగువు ఎలా ఉంటుందో దుకాణంలో కాదు, రేంజిలో ఒక మిత్రుడి రైఫిల్‌లో చూశాను. ఆయన మ్యాచ్ ఛాంబర్‌లోకి (పోటీల కోసం బిగుతుగా చేసినది) తూటా ఎక్కించి, పేల్చకుండానే బోల్ట్ వెనక్కి లాగి నా అరచేతిలో పెట్టారు. మైనం పూసిన సీసపు గుండుపై బ్యారెల్ లోపల గుండును తిప్పే మెలికల గాట్లు (రైఫ్లింగ్) సన్నని గీతలుగా దిగి ఉన్నాయి. పేలకముందే గుండు బ్యారెల్‌కు నడిమధ్యన కుదురుకుంటుందన్నమాట.

చివరకు సీజడ్ సంస్థ చేసే 457 అనే బోల్ట్ రైఫిల్ తీసుకున్నాను. దాని ట్రిగ్గర్ నొక్కడానికి ఎంత బలం కావాలో మనమే మార్చుకోవచ్చు, బోల్ట్ పిడిని 60 డిగ్రీలు ఎత్తితే చాలు, అవసరమైతే బ్యారెల్‌ను కూడా ఇంట్లోనే మార్చుకోవచ్చు. జర్మనీలోని ఉల్మ్‌లో తయారయ్యే అన్షుట్జ్ సంస్థ 54 యాక్షన్ (బోల్ట్ యంత్రాంగం) రైఫిల్ ఇంతకంటే మేలైనదని ఒప్పుకుంటాను; దాని ట్రిగ్గర్ నొక్కి చూశాక చాలాసేపు మాట రాలేదు. అయితే ధర వింటే అంతకంటే ఎక్కువసేపు మాట రాదు. స్టాక్ (భుజానికి, చెంపకు ఆనే రైఫిల్ పిడి భాగం) విషయంలో మాత్రం ఒక్కటే చెబుతాను: చెంప ఆనించగానే మెడ తిప్పే పని లేకుండా కన్ను టెలిస్కోపుకు సూటిగా రావాలి. రాకపోతే ఎంత మంచి బ్యారెల్ ఉన్నా ఉపయోగం లేదు.

అసలు కష్టం రైఫిల్ కొన్నాక మొదలైంది. ఈ .22 రిమ్‌ఫైర్ రకం తూటా. అందులో మందును అంటించే రసాయనం అంచులోనే ఉంటుంది కాబట్టి, పెద్ద తూటాలను నింపుకున్నట్లు దీన్ని ఇంట్లో మళ్లీ నింపుకోలేము. ఫ్యాక్టరీ ఏది పంపితే అదే గతి. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) గుండు సెకనుకు సుమారు 1,070 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. రెండు తూటాల వేగంలో 30 అడుగుల తేడా వచ్చినా 50 గజాల వద్ద అవి దాదాపు 6 మిల్లీమీటర్లు కిందా పైనా పడతాయి. నేను మొదట కొన్న పెట్టెలో ఐదు గుండ్ల గ్రూపు, అంటే కాగితంపై అవి చేసిన రంధ్రాల గుంపు, చిటికెన వేలి గోరంత వచ్చింది. ఆ కాగితాన్ని ఫోటో తీసి మా తమ్ముడికి పంపి, ఆనందంతో మరో నాలుగు గ్రూపులు పేల్చాను. అవి రూపాయి బిళ్లను దాటిపోయాయి. ఒక్క మంచి గ్రూపును చూసి రైఫిల్‌ను మెచ్చుకోవడం, ఒక్క చెడ్డ గ్రూపును చూసి తిట్టడం రెండూ తొందరపాటే.

ఆ తరువాత ఎస్‌కే, ఎలీ, లాపువా అనే సంస్థల తూటాలను ఒక్కో పెట్టె తెచ్చి, గాలి లేని ఉదయం ఒక్కోదానితో ఐదేసి గ్రూపులు పేల్చి, స్కేలుతో కొలిచి, నోటు పుస్తకంలో రాసుకున్నాను. తూటా మార్చినప్పుడల్లా లెక్కలోకి రాని పది గుండ్లు ముందుగా పేల్చాను. పాత తూటా మైనం బ్యారెల్‌లో నుంచి పోవడానికి అది అవసరం. అన్నిటికంటే ఖరీదైనది నా రైఫిల్‌కు నచ్చలేదు. మధ్యస్థమైన ధర గల ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్‌లో ఒక లాటు (ఒకే విడతలో తయారైన తూటాలు) మాత్రం ఐదు గ్రూపుల్లోనూ నిలకడగా నిలిచింది. పెట్టె మీది లాటు నంబరు రాసుకుని మరుసటి రోజే దుకాణానికి వెళ్తే, అదే నంబరు గల పెట్టెలు పదకొండు మిగిలి ఉన్నాయి. పదకొండూ తెచ్చుకున్నాను.