మోకాలి నొప్పికి సీటే కారణం

అనంతగిరి కొండల నుంచి సైకిల్ మీద తిరిగొస్తుంటే చేవెళ్ల దాటాక మొదలైంది. కుడి మోకాలికి బయటి పక్క సూదితో పొడిచినట్టు. పెడల్ కిందికి వెళ్లి కాలు చాచుకునే దగ్గరే పోటు, పైకొస్తే ఏమీ లేదు.

ఐటీ బ్యాండ్ అన్నాడు ఫిజియో. తుంటి నుంచి మోకాలి కింది దాకా తొడ బయటి వైపు పోయే గట్టి పట్టీ అది. మోకాలు 30 డిగ్రీలు వంగిన చోట ఎముకకు ఒత్తుకుంటుందట. అసలు దొంగ నా సీటే. నెల కిందట స్టైల్‌గా ఉంటుందని నేనే పైకి లేపాను!

8 మిల్లీమీటర్లు దించాను. రెండు వారాలు సైకిల్ ముట్టలేదు. రోజూ పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, 15 సార్ల చొప్పున మూడు విడతలు. "ఏంట్రా, నేలమీద ఈతా?" అంది అమ్మ. తొడ కింద పెట్టి దొర్లించే నురుగు దిమ్మ, అదే ఫోమ్ రోలర్‌తో, కళ్లనీళ్లు తప్ప నాకేం ఒరగలేదు.

ఆరో వారం చిన్న గేర్‌లో 20 కిలోమీటర్లు తొక్కాను. పోటు రాలేదు. ఇప్పుడు సీటు గొట్టానికి, ఆ ఎత్తు దగ్గరే, ఎర్ర టేపు చుట్టి ఉంది.