పేరు తీసేస్తే సరిపోదు

గాజువాకలో చిన్నారిపై లైంగిక దాడి అనుకోండి. వార్తల్లో బిడ్డ పేరు ఎవరూ వెయ్యరు. కానీ ఒక పేపర్లో కాలనీ పేరు, ఒక ఛానెల్లో తండ్రి స్టీల్‌ప్లాంట్‌ కాంట్రాక్టు కార్మికుడని, యూట్యూబ్‌లో నిందితుడు మేనమామ అని వస్తుంది. మూడూ కలిపితే వీధంతటికీ తెలిసిపోయినట్టే. నిందితుడు సొంత మనిషైతే అతని పేరు వేసినా బిడ్డ పేరు వేసినట్టే.

పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టంలోని సెక్షన్ 23 చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఏవీ బయటపెట్టొద్దంటోంది. తప్పితే 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రిపోర్టరే కాదు, సంస్థ యజమానీ బాధ్యుడే.

అసలు తప్పు వీడియోల్లోనే ఎక్కువ. తల్లి ముఖం బ్లర్ చేస్తారు, గొంతు మార్చరు. వెనక నీలం గేటు, గోడ మీద డోర్ నంబరు, దండెం మీద స్కూల్ యూనిఫాం అలాగే కనిపిస్తుంటాయి. ఇంటి ముందు కెమెరా పెట్టడమే మానెయ్యాలి. కోర్టు భవనం చూపించండి, చాలు.

ఇంకొకటి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల మీద జరిగింది ‘ప్రేమ వ్యవహారం’ అని రాయకండి, చట్టం దృష్టిలో ఆ వయసు సమ్మతికి విలువ లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫొటో తీసి ప్రెస్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. వార్త కింద చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు వెయ్యండి.