"అలా ఎల్లొస్తానే" అంటే ఇంగ్లీష్‌లో ఏంటో తెలిశాక నాకు ఫ్రేజల్ వెర్బ్స్ వచ్చాయి

ఫ్రెండ్స్, మాది శ్రీకాకుళం, టెన్త్ దాకా తెలుగు మీడియమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం రాసే సీజీఎల్ పరీక్ష మొదటి దశ, టైర్ వన్‌లో ఇంగ్లీష్ 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పైతే అర మార్కు కట్. నాకు ఎక్కువ కట్ అయ్యేది ఫ్రేజల్ వెర్బ్స్‌లోనే, అంటే క్రియ పక్కన ఇన్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం వచ్చేవి. లిస్టు జిరాక్స్ తీసి గోడకి అంటించి బట్టీ పట్టాను గానీ డ్రాప్ ఇన్, డ్రాప్ ఆఫ్, డ్రాప్ అవుట్ అన్నీ కలిసిపోయేవి, ఒక మాక్ టెస్ట్‌లో "హి డ్రాప్డ్ ఆఫ్ డ్యూరింగ్ ద లెక్చర్" అంటే క్లాస్ మధ్యలో లేచి వెళ్ళిపోయాడని పెట్టేశాను, తీరా చూస్తే కునుకు పట్టిందని అర్థం.

ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం "అమ్మా, అలా ఎల్లొస్తానే" అని చెప్పులేసుకుంటుంటే అప్పుడు తట్టింది. గుమ్మం దగ్గర మనం ఉట్టినే "వెళ్తాను" అనం కదా, అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, వెళ్ళొస్తాను అనే అనాలి. నిప్ అవుట్, పాప్ అవుట్ కూడా అచ్చం అంతే, దగ్గరికే, చిటికెలో పని, మళ్ళీ వచ్చేస్తాం అన్నది ఆ మాటలోనే ఉంది. అందుకే పరీక్ష రాయడానికి వైజాగ్ వెళ్తూ నిప్ అవుట్ అనకూడదు, పాల ప్యాకెట్‌కే అనాలి.

ఆ రోజు నుంచి లిస్టు పక్కన పెట్టేసి మా వీధిలోనే చదివాను. ఎదురింటి పిన్ని చెప్పాపెట్టకుండా "ఏటి సేస్తన్నారే" అంటూ వచ్చి కూర్చుంటుంది చూడండి, అది డ్రాప్ ఇన్, డ్రాప్ బై అన్నా అదే. కోచింగ్ నుంచి ఏడు రోడ్ల జంక్షన్ మీదుగా ఇంటికొస్తూ దారిలో జిరాక్స్ షాపు దగ్గర ఒక్క నిమిషం ఆగితే స్వింగ్ బై, ఇది అమెరికా వాళ్ళ నోట ఎక్కువ. పాప్ రౌండ్ (ఎవరింటికైనా అలా వెళ్ళి రావడం), నిప్ అవుట్ బ్రిటన్ వాళ్ళవి.

ఇంక అసలు మార్కులు పోయేది ప్రిపొజిషన్ దగ్గర, దయచేసి ఇది ఒక్కటి గట్టిగా పట్టుకోండి. మనిషి దగ్గరికైతే కాల్ ఆన్, చోటుకైతే కాల్ ఎట్. మామయ్యని చూడ్డానికి వెళ్తే కాల్ ఆన్, మామయ్య ఆఫీసుకి వెళ్తే కాల్ ఎట్. డ్రాప్ ఇన్ కూడా అలాగే, మనిషి పేరు వస్తే దానికి ముందు ఆన్ ఉండాలి, డ్రాప్ ఇన్ ఆన్ అని. వాక్యంలో తప్పు కనిపెట్టే ఎర్రర్ స్పాటింగ్‌లో దీన్నే తిప్పి ఇస్తారు, నేను రెండు మాక్‌లలో వరసగా పోగొట్టుకున్నాను. కమ్ బై అని కనిపిస్తే మాత్రం తొందరపడొద్దు, వచ్చి పలకరించి పోవడం అనే అర్థం ఉన్నా పరీక్షలో ఎక్కువగా దొరకడం, సంపాదించడం అనే అర్థంతోనే ఇస్తారు.

బ్యాంక్ పరీక్షల డిస్క్రిప్టివ్ పేపర్‌లో రాసే లెటర్‌లో ఇవేవీ వాడకండి, మేనేజర్ గారికి రాసేటప్పుడు విజిట్ అని రాస్తేనే మర్యాద.