చేయంత మబ్బు

మృగశిర పోయి ఆరుద్ర వచ్చింది. దేవరకొండ దగ్గర మా చెలకలో పొడి దుక్కిలో పెట్టిన పత్తి గింజలు సగం మొలవలేదు. మళ్లీ కొనాలంటే టెన్షన్.

ఆదివారం చర్చిలో ఆదికాండం 8:22 చదివారు. భూమి ఉన్నన్నాళ్లూ విత్తే కాలం, కోత కాలం ఆగవట. "ఆగవు సరే, ఏ తారీఖుకో రాయలేదు కదరా" అన్నాడు నాన్న నా చెవిలో. నవ్వాపుకోలేకపోయాను.

నాకు బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. ఆయన కాలంలో 3 సంవత్సరాల 6 నెలలు వాన లేదు. కర్మెలు కొండ మీద నుంచి సేవకుణ్ణి సముద్రం వైపు చూడమంటే, ఏడోసారికి మనిషి చేయంత మబ్బు కనిపించింది. లేవీయకాండం 25లో ఏడో ఏడు భూమిని పడావు పెట్టమనీ ఉంది. ఆ మాట మా దగ్గర ఎవరూ ప్రసంగంలో ఎత్తరు. మేమేమో ఏటా పత్తి మీద పత్తే.

సాయంత్రం పడమట చిన్న మబ్బు. నాన్న అప్పుడే విత్తనాల సంచి వెతుకుతున్నాడు.