వేవిళ్లు, పళ్లు, ఇద్దరు డాక్టర్లు

మూడో నెలలో రోజుకి ఐదారు వాంతులు అయ్యేవి. నోరంతా పుల్లగా, చేదుగా ఉండేసరికి అయిన ప్రతిసారీ పరుగెత్తి బ్రష్ చేసుకునేదాన్ని. వికారం తగ్గుతుందని అత్తయ్య నిమ్మరసం ఇచ్చేవారు, నేనేమో ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ ముక్కలు నమిలేదాన్ని.

పద్నాలుగో వారానికి చల్లటి నీళ్లు తాగితే పై పళ్లు జివ్వుమనడం మొదలైంది. దవడ పన్నొకటి రాత్రిళ్లు నిద్రపోనిచ్చేది కాదు. మా గైనకాలజిస్ట్ బీపీ, బరువు, హిమోగ్లోబిన్ అన్నీ ఓపికగా చూసే మనిషి. పళ్ల మాట ఎత్తితే మాత్రం, "ఈ టైమ్‌లో మామూలేనమ్మా, కాల్షియం వేసుకుంటున్నావుగా" అన్నారు. డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే ఎన్నో నెలని అడిగి, "డెలివరీ అయ్యాక రండి, లేదా మీ డాక్టర్‌తో లెటర్ రాయించుకురండి" అన్నాడు. లెటర్ అడిగితే ఈవిడ, "పంటి సంగతి వాళ్లకి తెలియాలి కానీ నేనేం రాస్తాను?" అంది. ఇలా పది రోజులు తిరిగాను, టెన్షన్ ఒకటి అదనం.

చివరికి ఒక డెంటల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి పెద్ద డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "వాంతి అవగానే ఏం చేస్తావు?" బ్రష్ చేసుకుంటానంటే తల పట్టుకుంది. వాంతితో పాటు వచ్చే కడుపులోని యాసిడ్‌కి పంటి పైపొర మెత్తబడుతుందట, అప్పుడే రుద్దితే అరిగిపోతుందట. గ్లాసు నీళ్లలో ఒక టీస్పూన్ తినేసోడా కలిపి పుక్కిలించి, కనీసం అరగంట ఆగాక బ్రష్ పట్టుకోమంది. పేస్ట్ వాసనకే వాంతి వస్తుందంటే, చిన్న తల ఉన్న బ్రష్ కొని, పేస్ట్ మార్చి చూడమంది. పుల్లటివి రోజంతా చప్పరించొద్దంది.

అత్యవసరం కాని పంటి వైద్యానికి నాలుగో, ఐదో నెలలే అనువైన సమయమని చెప్పి, నా ముందే మా గైనకాలజిస్ట్‌కి ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో తేలిపోయింది. నేను పది రోజులు తిరిగింది ఈ రెండు నిమిషాల కోసమా అని ఒళ్లు మండింది. పదిహేడో వారంలో సీసపు ఏప్రన్ కప్పి ఒక ఎక్స్‌రే తీశారు, ఇంజెక్షన్‌తో మొద్దుబార్చి ఫిల్లింగ్ చేశారు.

తర్వాతి చెకప్‌లో మా గైనకాలజిస్టే, "ఆ సోడా ఎంత కలపమన్నారు?" అని అడిగి రాసుకుంది. నిమ్మరసం ఎందుకు తగ్గించానో మాత్రం అత్తయ్యకి ఇప్పటికీ మింగుడుపడలేదు.